బుజ్జాయితో కలిసి కథ చదవడం: గోదావరి జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లల కోసం రాసిన పేజీ ఇది. అమ్మానాన్నలతో పాటు ఇంట్లో పిల్లల్ని చూసుకునే మామ్మలు, అమ్మమ్మలు, తాతయ్యలు, పిన్నులు కూడా చదవచ్చు. చదవడం రానివాళ్ళకి ఎవరైనా చదివి వినిపించండి.

ఎన్నో నెల నుంచి మొదలుపెట్టాలి? వాడికి ఏం అర్థమవుతుంది?

అర్థమయ్యేదాకా ఆగనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచే చదివి వినిపించమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. ఆర్నెల్ల బిడ్డకి పుస్తకమంటే మీ గొంతు, మీ ఒడి, రంగులు. ఏడాది దగ్గరపడేసరికి బొమ్మ మీద చెయ్యి వేస్తుంది, వేలు పెట్టి చూపిస్తుంది. ఆ వేలు పెట్టడమే భాషకి మొదటి మెట్టు. “అది చూడు” అని నోటితో అనలేక వేలితో అంటోందన్నమాట. ఏడాది దాటాక పేరు చెప్పి ఏదని అడిగితే చూపిస్తుంది, తర్వాత తనే పేరు చెబుతుంది.

రెండేళ్ళు వచ్చేశాయి, ఇప్పటిదాకా ఒక్క పుస్తకం కూడా తెరవలేదా? ఫర్లేదు, ఇవాళే తెరవండి.

రోజుకి ఎంతసేపు? ఎప్పుడు?

ఏడాది పిల్లలకి మూడు నాలుగు నిమిషాలు, రెండేళ్ళ వాళ్ళకి ఎనిమిది పది నిమిషాలు. ఒకే దఫాలో కాకుండా రోజుకి రెండుసార్లుగా చేస్తే ఇంకా మంచిది. మధ్యాహ్నం బువ్వ తిని, లాల పోసుకుని హాయిగా ఉన్నప్పుడు ఒకసారి, రాత్రి బజ్జునే ముందు ఒకసారి. బాగా ఆకలి మీదున్నప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు కొత్త పుస్తకం తీయకండి. నిద్రవేళకి పాత పుస్తకమే మేలు.

టీవీ కట్టేయాలి. ఎవరూ చూడకపోయినా అది మోగుతుంటే పెద్దవాళ్ళ మాటలు తగ్గిపోతాయి, పిల్లలకి మాటల్లోని చిన్న చిన్న శబ్దాలు విడివిడిగా చెవిన పడవు.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలా?

అక్కర్లేదు. ఈ పేజీలో మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మూడేళ్ళ లోపు పిల్లలకి పుస్తకం అప్పజెప్పే పాఠం కాదు, ఇద్దరూ కలిసి మాట్లాడుకోవడానికి దొరికిన సాకు. మీరు గుక్క తిప్పుకోకుండా పది పేజీలు చదివేస్తే పిల్లాడు విన్నాడంతే, మాట్లాడలేదు. రెండు పేజీలే చూసి వాడిచేత ఐదారుసార్లు నోరు విప్పించారంటే ఆ పూట బాగా చదివినట్టే.

దీన్ని పద్ధతిగా పెట్టి పరీక్షించిన వాళ్ళున్నారు. గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన తోటి పరిశోధకులు 1988లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి, చదువుతూ ప్రశ్నలడగడం, పిల్లల మాటని పెంచి తిరిగి చెప్పడం నేర్పించారు. మిగతావాళ్ళు మామూలుగానే చదివారు. నెల రోజులయ్యాక చూస్తే, మొదటి ఇళ్ళ పిల్లలు మాట్లాడే భాషలో ముందున్నారు. రెండు వైపులా పిల్లలకి పుస్తకాలున్నాయి, చదివే పెద్దలున్నారు. తేడా అంతా చదివిన తీరులోనే.

ఇరవై నెలల బాబు, మామ్మ ఒడిలో కూర్చున్నాడు. పేజీలో బాతు బొమ్మ ఉంది.

మామ్మ: ఇదేంట్రా నాన్నా?
(మామ్మ ఆగింది. మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టింది.)
బాబు: బా.
మామ్మ: ఆఁ, బాతు! తెల్ల బాతు.
బాబు: బాతు.
మామ్మ: బాతు ఈదుతోంది. కాలవలో ఈదుతోంది. మన కాలవలో కూడా ఉన్నాయిగా?
బాబు: (గుమ్మం వైపు చెయ్యి చాపి) బాతు… అక్కల.
మామ్మ: అవును, అక్కడ. గట్టు మీద బాతులున్నాయి.

అర నిమిషం కూడా పట్టలేదు. మామ్మ అడిగింది, ఆగింది, వాడన్నదాన్ని ఒప్పుకుంది, దానికి ఒకటి రెండు మాటలు కలిపి తిరిగిచ్చింది. “బా” అన్నవాడు రెండో వంతుకే “బాతు” అన్నాడు, మూడో వంతుకి రెండు మాటలు కలిపాడు. “అక్కల” అన్నందుకు మామ్మ తప్పు పట్టలేదు, సరైన మాటని తన నోటితో వినిపించి ఊరుకుంది.

ఇందులో ఎక్కువమంది తప్పేది ఆ ఐదు లెక్కపెట్టే దగ్గరే. పెద్దవాళ్ళకి ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది. ఒక్క క్షణం ఆగి, “బాతు! బాతు అను! అనూ!” అని వెంటపడతారు. పిల్లాడు బొమ్మ చూసి, పేరు గుర్తు తెచ్చుకుని, నోరు కుదుర్చుకుని చెప్పాలంటే ఆ ఐదూ కావాలి. ఐదు దాటినా మాట రాకపోతే మీరే చెప్పేసి పేజీ తిప్పండి. రెండోసారి అడిగితే అది పరీక్ష అయిపోతుంది.

మాటలు కలపడం అంటే ఎన్ని కలపాలి?

పిల్ల ఎన్ని మాటలంటే దానికి ఒకటో రెండో ఎక్కువ. ఒక మాట అనే పిల్లకి పది మాటల వాక్యం తిరిగిస్తే అందులోంచి ఏదీ పట్టుకోలేదు.

తెలుగులో ఇంకో కిటుకుంది. మన భాషలో అర్థం చాలావరకు మాట చివర్లో ఉంటుంది: లో, మీద, కింద, కి, తో, వచ్చాడు, వచ్చింది, వచ్చారు. పిల్లలు మొదట్లో ఈ తోకలన్నీ వదిలేసి మొదళ్ళు మాత్రమే పలుకుతారు. “కాకి చెట్టు” అంటారు. మీరు ఆ తోకని కొంచెం సాగదీసి తిరిగివ్వండి: “కాకి చెట్టు మీ…ద ఉంది.” “తాత పడవ” అంటే “తాతయ్య పడవలో వచ్చారు.” రోజూ కాస్త నొక్కి పలికితే ఆ తోకలు చెవికి తగులుతాయి. తాతయ్య “వచ్చారు” అనే మర్యాద కూడా అలాగే వస్తుంది, విడిగా నేర్పక్కర్లేదు. “ఆయ్” అనడం ఎవరు నేర్పారని మన పిల్లలకి వచ్చింది?

ఎలాంటి ప్రశ్నలు అడగాలి?

వయసును బట్టి.

ఏడాది నుంచి ఏడాదిన్నర: “పిల్లి ఏది?” అని అడిగి వేలితో చూపించమనండి. శబ్దాలు చేయించండి: అంబా, మ్యావ్, కావ్ కావ్, కొక్కొరొకో. ఇవీ మాటలే, లెక్కలో వేసుకోవచ్చు.

ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు: “ఇదేంటి?”, “ఏం చేస్తోంది?” రెండోది ముఖ్యం. వస్తువుల పేర్ల దగ్గరే ఆగిపోతే పిల్లల మాటల్లో క్రియలు తక్కువవుతాయి. తింటోంది, పడింది, ఎక్కాడు, పోశారు లాంటివి లేకపోతే వాక్యం ఏర్పడదు.

రెండు నుంచి మూడేళ్ళు: వాక్యం సగంలో వదిలేయండి. బాగా తెలిసిన కథలో “అప్పుడు కోతి చెట్టు మీద నుంచి…” అని ఆగితే మిగతాది వాళ్ళే పూర్తి చేస్తారు. తర్వాత “ఎందుకు ఏడుస్తోంది?”, “ఇప్పుడేమవుతుంది?” వీటికి ఒకే జవాబంటూ ఉండదు కాబట్టి ఏం చెప్పినా ఒప్పుకోండి. ఇంకొకటి, బొమ్మని వాళ్ళ బతుకుతో కలపడం. పుస్తకంలో పడవ కనిపిస్తే, “మొన్న నర్సాపురం రేవులో పంటు ఎక్కాం కదా, పంటు మీద ఏమున్నాయి?” అనండి. కళ్ళెదుట లేని దాని గురించి మాట్లాడటం పిల్లలకి పెద్ద మెట్టు.

“అవునా? కాదా?” ప్రశ్నలు తగ్గించండి, తల ఊపితే సరిపోతుంది వాటికి. అలాగే ప్రతి పేజీలోనూ ప్రశ్న వేయకండి. మూడు పేజీలకి ఒకటి చాలు, మిగతావి ఊరికే చూసి నవ్వుకోవడానికి.

అదే పుస్తకం రోజూ కావాలంటుంది. విసుగొస్తోంది.

విసుగు మీకే, తనకి కాదు. మొదటిసారి బొమ్మలు చూస్తుంది, మూడోసారికి కథ పట్టుబడుతుంది, పదోసారికి మీకంటే ముందు తనే చెబుతుంది. కొత్త మాట నిలవాలంటే చాలాసార్లు వినాలి. అదే పుస్తకం ఇవ్వండి, మీ ప్రశ్న మార్చండి: మొన్న బాతు, నిన్న బాతు ఏం చేస్తోంది, ఇవాళ వెనకాల చెట్టు మీద ఎవరున్నారు.

కూర్చోడు. పేజీలు గబగబా తిప్పేసి పారిపోతాడు.

ఆ వయసుకి అది సహజం. పేజీ తిప్పే పని వాడికే అప్పగించి, ఏ పేజీ దగ్గర చెయ్యి ఆగితే అక్కడ ఒక్క మాట అనండి. పారిపోతే పోనివ్వండి. లాక్కొచ్చి కూర్చోబెడితే పుస్తకం అంటే ఏడుపు అని నేర్చుకుంటాడు. నిలబడి వినే పిల్లలు, ఉయ్యాల్లో ఊగుతూ వినేవాళ్ళు కూడా ఉంటారు.

చింపేస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది.

రెండేళ్ళ దాకా అట్ట పుస్తకాలే చేతికివ్వండి. పల్చటి కాగితం పుస్తకాలు మీ చేతిలో ఉంచుకుని చూపించండి. చిరిగినవాటిని, పిల్లని పక్కనే కూర్చోబెట్టుకుని, టేపుతో అతికించండి: “చిరిగింది. అతికిద్దాం. అతుక్కుంది.” చూశారా, మూడు క్రియలు వచ్చేశాయి.

మాటలు తప్పుగా పలుకుతాడు. దిద్దాలా?

దిద్దకండి, సరిగ్గా తిరిగి చెప్పండి. “తేప” అంటే “అవును, చేప! పెద్ద చేప” అనండి. “తేప కాదు, చేప అను” అని నిలదీస్తే కొందరు పిల్లలు అసలు మాట్లాడటమే తగ్గిస్తారు. ప, బ, మ, త, న లాంటి శబ్దాలు ముందు వస్తాయి. ర, ళ, ష, ఒత్తులు ఆలస్యంగా వస్తాయి. మూడేళ్ళవాడు “రాముడు”ని “లాముడు” అంటే కంగారక్కర్లేదు.

ముద్దుమాటల సంగతి కూడా అడుగుతుంటారు. బువ్వ, లాల, బజ్జో, జేజి, అప్పచ్చి: ఇవి మన భాష పిల్లల కోసం చేసిపెట్టిన మెత్తటి మాటలు, నిక్షేపంగా వాడుకోండి. పెద్దవాళ్ళు పిల్లల తప్పుల్ని అనుకరించడం మాత్రం వద్దు. వాడు “తేప” అన్నాడని ఇంటిల్లిపాదీ “తేప” అంటుంటే ఇక “చేప” ఎక్కడ వింటాడు?

పుస్తకంలో భాష ఒకలా ఉంటుంది, మేం మాట్లాడేది వేరు. ఎలా చదవాలి?

మీరు మాట్లాడినట్టే. “వెళ్ళుచున్నది” అని అచ్చయి ఉంటే “వెళ్తోంది” అనండి, మీ ఇంట్లో “ఎల్తంది” అంటే అలాగే అనండి. మూడేళ్ళ లోపు పిల్లలకి పుస్తకం మాట, ఇంటి మాట ఒకటే కావాలి. గ్రాంథికానికి చాలా టైముంది.

మా అత్తగారికి చదవడం రాదు. పగలంతా పిల్ల ఆవిడ దగ్గరే ఉంటుంది.

అయితే పిల్ల అదృష్టం బాగుంది. బొమ్మల పుస్తకానికి అక్షరాలు అక్కర్లేదు. పైన బాతు దగ్గర మామ్మ ఒక్క అక్షరం కూడా చదవలేదు, గమనించారా?

ఇంకా మామ్మల దగ్గర అచ్చుకెక్కని సొత్తు ఉంటుంది. ఏడు చేపల కథే చూడండి. ఎండని చేప దగ్గర మొదలై, ఒక్కొక్కరినీ “ఎందుకు?” అని అడుగుతూ, చివరికి చీమ పుట్ట దాకా వెళ్తుంది. ఒకే ప్రశ్న అచ్చు మారకుండా మళ్ళీ మళ్ళీ వస్తుంది, పిలిచే పేరు, చివరి క్రియ మాత్రమే మారతాయి: ఎండలేదు, మేయలేదు, పెట్టలేదు. రెండున్నరేళ్ళ పిల్లలకి “ఎందుకు”, “లేదు” నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఎవరూ రాయలేరేమో. చెప్పేటప్పుడు “చేపా చేపా, ఎందుకు…” అని ఆగండి, మిగతాది పిల్లే అందుకుంటుంది. కథ మొత్తం ఒకేసారి వద్దు. రెండున్నరేళ్ళకి మూడు నాలుగు లంకెలు చాలు, నిలదొక్కుకున్నాక ఒక్కోటీ కలపండి. ఎండుచేపలు ఆరబెట్టే ఊళ్ళో ఉంటే ఓసారి తీసుకెళ్ళి చూపించండి.

తెలుగులో చదవాలా, ఇంగ్లీషులోనా? రేపు ఇంగ్లీషు మీడియంలో వేస్తాం.

మీకు ఏ భాషలో నవ్వు, కోపం, లాలన ధారాళంగా వస్తాయో ఆ భాషలో. గోదావరి ఇళ్ళల్లో చాలామందికి అది తెలుగే. అరకొర ఇంగ్లీషులో “దిస్ ఈజ్ డక్” అనగలం కానీ ఆ బాతు గట్టెక్కి రెక్కలు విదిలించిందని చెప్పడానికి మాటలు తడుముకోవాలి. మాట్లాడటం అక్కడే ఆగిపోతుంది. ఇంటి భాషలో పునాది గట్టిగా పడితే రెండో భాష దాని మీద నిలబడుతుంది.

రెండు భాషలూ నిజంగా వాడే ఇళ్ళల్లో పిల్లలకి రెండూ వస్తాయి, దానివల్ల మాటలు ఆలస్యం కావు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల్లోవీ కలిపి లెక్కపెట్టాలి.

వాళ్ళమ్మ కువైట్‌లో ఉంది. పాప అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఫోన్లో చదవచ్చా?

చదవచ్చు. స్క్రీన్ వద్దని చెప్పే వైద్యులు కూడా వీడియో కాల్‌ని మినహాయిస్తారు, ఎందుకంటే అవతల జవాబిచ్చే మనిషి ఉంటుంది. బాగా సాగాలంటే ఇలా చేయండి: ఒకే పుస్తకం రెండు కాపీలు కొని ఒకటి అమ్మ దగ్గర, ఒకటి పాప చేతిలో ఉంచండి. దొరక్కపోతే పేజీలన్నీ ఫొటోలు తీసి అమ్మకి వాట్సాప్‌లో పంపండి. ఫోన్ అమ్మమ్మ పట్టుకోవాలి, పాప చేతికిస్తే బటన్లు నొక్కుతూ కూర్చుంటుంది. అమ్మ అడుగుతుంది, పాప తన పుస్తకంలో చూపిస్తుంది, అమ్మమ్మ “అదిగో, అమ్మ అడిగింది, ఆవు ఏది?” అని అందిస్తుంది. కాల్‌లో మాట ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి ఐదు బదులు ఎనిమిది దాకా లెక్కపెట్టండి. ఐదు నిమిషాలు చాలు, రోజూ ఒకే వేళకి అయితే పాప ఎదురుచూస్తుంది.

యూట్యూబ్‌లో తెలుగు కథలు బోలెడున్నాయిగా, అవి పెడితే?

అవి ఆగవు, అదే ఇబ్బంది. పిల్లాడు “బా” అన్నా వీడియో సాగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళ లోపు స్క్రీన్ చూపించకపోవడమే మంచిది, రెండేళ్ళ నుంచి రోజుకి గంట మించకూడదు, తగ్గితే ఇంకా మేలు. అన్నం తినడం లేదని ఫోన్ పెట్టే ఇళ్ళల్లో రోజులో మూడు పూటల మాటలూ ఫోన్ మింగేస్తోంది. ముందు ఆ మూడు పూటల్లో ఒక్క పూట వెనక్కి తెచ్చుకోండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, తూలిక, మంచి పుస్తకం తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ వారి స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు. ఫోన్లో చూపించకుండా ప్రింటు తీయించండి. మొదటి స్థాయి కథలే తీసుకోండి: పేజీకి ఒక్క వాక్యం, పెద్ద బొమ్మ.

కొనడం కంటే ముందు ఇంట్లో ఒకటి తయారుచేసుకోవడమే మంచిదని మా అభిప్రాయం. గట్టి అట్టపెట్టె నుంచి ఆరంగుళాల చదరపు ముక్కలు ఐదు కోయండి. రెండు వైపులా కలిపి పది పేజీలొస్తాయి. ఫోన్లో పది ఫొటోలు తీసి ఫొటో స్టూడియోలో ప్రింటు వేయించండి: తాతయ్య, గేదె, కొబ్బరి చెట్టు, పంటు, నాన్న బండి, వాకిట్లో ముగ్గు, పాప చెప్పులు… ఒక ఫొటోలో ఒకే విషయం ఉండాలి. కనీసం నాలుగు ఫొటోల్లో ఎవరో ఒకరు పని చేస్తుండాలి, క్రియల కోసం. ఫెవికాల్ పల్చగా రాసి అతికించండి. మైదా జిగురు వాడితే పురుగు పడుతుంది. ఒక పూట బరువు కింద పెట్టి ఆరాక రెండంగుళాల వెడల్పు పారదర్శక టేపు పేజీ మొత్తం వేయండి. మూలలు గుండ్రంగా కత్తిరించండి. అంచుకి అరంగుళం లోపల రెండు చిల్లులు వేసి బూటు లేసుతో వదులుగా కట్టండి. బిగించి కడితే పేజీ తిరగదు. లేసు కొసలు పొట్టిగా ఉంచండి. స్టేప్లర్ పిన్నులు వేయొద్దు, ఊడి నోట్లోకి వెళ్తాయి.

వానాకాలం డెల్టాలో గోడలే చెమరుస్తాయి, ఇక అట్టలెంత? పుస్తకాలు నేల మీద, గోడకి ఆనించి పెట్టకండి. తీగ బుట్టలో నిలువుగా, పిల్లకి అందే ఎత్తులో ఉంచండి. బూజు వాసన వస్తే ఎండలో విప్పి పెట్టి, పొడి గుడ్డతో తుడవండి. బూజు మచ్చ పోకపోతే ఆ పుస్తకం పారేయడమే, నోట్లో పెట్టుకునే వయసు కదా.

మా వాడికి రెండేళ్ళు. ఇంకా మాటలు రాలేదు. వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయంటున్నారు.

నాన్న సంగతి నిజమే కావచ్చు, అయినా చూపించండి. మామూలుగా ఏడాదికి అటూ ఇటూగా మొదటి మాట, రెండేళ్ళకి యాభై దాకా మాటలు, “అమ్మ దా”, “పాలు కావాలి” లాంటి రెండు మాటల జంటలు ఉంటాయి. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎదురుచూడకండి:

- ఏడాదికి తాతా, బాబా, మమ్మమ్మ లాంటి శబ్దాలు లేకపోవడం, వేలితో చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం
- పదహారు నెలలకి ఒక్క మాటా లేకపోవడం
- రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోవడం
- పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం
- వచ్చిన మాటలు పోవడం (ఏ వయసులోనైనా)

ముందు వినికిడి పరీక్ష. వెనకాల చప్పట్లు కొట్టి “వినపడుతోంది” అనుకోవద్దు. పెద్ద చప్పుడు వినబడి, మాటలోని సన్నటి శబ్దాలు వినపడని పిల్లలుంటారు. చెవిలో నీరు చేరినా అంతే. ఓఏఈ, బెరా పరీక్షలు పిల్లాడు జవాబు చెప్పకపోయినా వినికిడిని కొలుస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలు ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీ టీచర్‌నో ఏఎన్ఎంనో అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

వస పోస్తే మాటలొస్తాయన్నది నానుడి వరకే. వాగుడుకాయని “వసపిట్ట” అని మురిపెంగా పిలుచుకోండి, వస మాత్రం నోట్లో వేయకండి. అందులో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది. అమెరికాలో 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. నాలుక కింద పొర కోయిస్తే మాటలొస్తాయన్నదీ అలాంటిదే. పొర బిగుతుగా ఉంటే కొన్ని శబ్దాలు సరిగ్గా పలకలేకపోవచ్చు గానీ, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు వారం రోజులపాటు వాడన్న ప్రతి మాటా ఒక కాగితం మీద రాయండి, ఎలా పలికితే అలా: “బా”, “తేప”, “అంబా” అన్నీ. వేటికి వేలు చూపించాడో, ఎన్నిసార్లు పిలిస్తే తిరిగాడో కూడా రాయండి. పరీక్ష గదిలో బిక్కమొహం వేసుకుని వాడు ఒక్క మాటా అనకపోవచ్చు, అప్పుడు ఆ కాగితమే డాక్టరుకి ఆధారం. మీద తేదీ వేసి దాచండి, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ రాసినప్పుడు పక్కన పెట్టి చూసుకోవచ్చు.